సారె బండిలో దుమ్ము

మా అత్త కూర్మమ్మ సారె అరిసెలు వండుతుంది. అది ఆమె పని, ఆమె పేరు, ఆమె పొగరు కూడా. రాజాం చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆడపిల్లను కాపురానికి పంపాలన్నా ముందు మా గడప ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్లను కూర్చోమని కూడా అనదు. "ఎన్ని గడపల ఊరు?" అని ఒకటే ప్రశ్న. అల్లుడు ఏం చేస్తాడు, వాళ్లకు ఎన్ని ఎకరాలు, అవేవీ ఆమెకు అక్కర్లేదు. మా వైపు సారె అంటే అత్తింటివాళ్లు డబ్బాల్లో దాచుకుని తినేది కాదు, ఆ ఊళ్లో ప్రతి గడపకూ పంచిపెట్టేది. ఎన్ని గడపలో తెలిస్తే ఎంత బియ్యం నానబోయాలో ఆమెకు తెలుస్తుంది.

నేను ఆ ఇంటి కోడల్ని, పద్మకుమారిని. కాపురానికి వచ్చిన మర్నాడే నా చేతిలో జల్లెడ పెట్టింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని పిండి జల్లించి చూపిస్తే, చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని మొహం చిట్లించి, "సీ! ఇది పిండేటే? గెడ్డలో ఇసకలాగున్నాది. మల్లీ జల్లించు" అంది. ఆ రోజు ఏడ్చాను. తర్వాత అలవాటైపోయింది. బెల్లం నీళ్లు పలచగా ఉన్నప్పుడే గుడ్డలో వడగట్టాలి. నువ్వులు కడిగి, ఆరబెట్టి, మళ్లీ చెరగాలి. బుట్టలు కొత్త వెదురువే కావాలి, మీద కొత్త తెల్లగుడ్డే కట్టాలి. ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దేద్దాం అత్తా అని ఒకసారి నోరు జారాను. "సారె డబ్బాల్లో ఎట్టి పంపిస్తారేటే, కిరసనాయిలేటి?" అని మొదలుపెట్టి మా పుట్టింటివాళ్లందరినీ వరసపెట్టి తలుచుకుంది.

ఈ చాదస్తం ఆమెకు ఊరికే రాలేదు. మా మామగారు పాము కరిచి పోయేనాటికి మా ఆయన దేవేంద్ర ఇంకా నిక్కర్లేసుకుని బడికి పోతున్నాడట. ఉన్న కాస్త పొలం పాలివాళ్లు కలిపేసుకున్నారు. ఆమె చేతిలో మిగిలినవి అరిసెలు వత్తే చెక్కలు. పెళ్లిళ్ల ఇళ్లలో పొయ్యి దగ్గర కూర్చుని వండింది. కావిళ్లు మోసేవాళ్ల వెనక నడిచింది. బస్సు టాపు మీద బుట్టలు కట్టించి, కండక్టర్ తిడుతున్నా వాటి పక్కనే తనూ ఎక్కి కూర్చుంది. అలా కొడుకును పెంచింది. ఇన్నేళ్లలో ఆమె అరిసెలో పంటికింద నలుసు తగిలిందని అన్నవాళ్లు లేరు. ఆమెకు ఉన్న ఆస్తి అదొక్కటే.

ఆ ఆస్తిని మట్టిలో కలిపింది మా ఆయన కొన్న బండి.

సాలూరులో ఎవరో లారీ ఓనరు వదిలించుకున్న పాత పికప్ అది. వెనక తొట్టి మీద ఇనప కమ్మీలు వంచి గూడు కట్టించి, దాని మీద నీలం బరకం కప్పించి తెచ్చాడు. వెనకవైపు తలుపు మీదకు బరకం ముక్క పరదాలా వేలాడుతుంది. ఇక బస్సుల వెనకా ఆటోల వెనకా తిరగక్కర్లేదు, మన సారెలు మన బండిలోనే అని, పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టి ఊరంతా బెల్లం పంచాడు. మా అత్త బండి చుట్టూ తిరిగి చూసింది. లోపల చెయ్యి పెట్టి తుడిచి, చెయ్యి చూసుకుని, "సుబ్రంగానే ఉన్నాది" అంది. ఆమె నోటివెంట ఆ మాట వచ్చిందంటే మా ఆయనకు పట్టపగ్గాల్లేవు.

మొదటి సారె, మా అత్తను క్యాబిన్‌లో ఎక్కించుకుని, బొబ్బిలి అవతల ఊరికి పట్టుకెళ్లాడు. దారి పొడుగునా రోడ్డు వెడల్పు చేస్తామని రెండు పక్కలా తవ్వి పడేశారు. వెళ్లింది ఎండపొద్దులో. బండి ఆగాక పరదా ఎత్తి చూస్తే తెల్లగుడ్డలన్నీ కావిగుడ్డలైపోయాయి. గుడ్డ కింద అరిసెల మీద కూడా మెత్తటి ఎర్రమట్టి. నూనె వంటకం కదా, మట్టి పట్టుకుని కూర్చుంది. మా అత్త ఊదింది, దులిపింది, కొంగుతో ఒక్కోటీ తుడిచింది. పంచే టైము దాటిపోతోందని ఆ ఇంటివాళ్లు బుట్టలు లాక్కుని పోయారు.

ఆ ఊరివాళ్లు పండగ చేసుకున్నారు. ఒక ముక్క కొరకడం, థూ అని ఉమ్మడం, మిగతాది పశువుల కుడితి తొట్టిలో పడేయడం. ఎవడో చచ్చినోడు అరిసె పట్టుకుని గోడకు రాస్తూ, సున్నం గీకడానికి పనికొస్తుందని నవ్వుతూ వీడియో తీసి ఊళ్లన్నిటికీ పంపాడు. మురిక్కాలవ పక్కన బండి దగ్గర నిలబడి, ఈగలు వాలిన నూడుల్సు లొట్టలేసుకుంటూ తినే మొహాలు ఇవి! వాళ్లా మా అత్తకు శుభ్రం నేర్పేది?  అప్పట్నుంచి మా అత్తకు పేరు పడింది, ఇసక కూర్మమ్మ అని.

మా ఆయన ఊరూరా తిరిగి చెప్పాడు. "తప్పు మా అమ్మది కాదు, నా బండిది. దుమ్ము నా బండిలో పడ్డాది" అని. ఎవరు వింటారు? "కన్న కొడుకు కదా, అలగే అంటాడు" అన్నారు. "ముసిల్దానికి సూపు ఆనట్నేదు, జల్లెడ సిరిగిపోనాది" అన్నారు. వైశాఖంలో ఖాయం చేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు చేసి, మా మేనత్త వండుతానంది, మా పెద్దమ్మ కోప్పడుతోంది అని వంకలు పెట్టి తప్పుకున్నారు. మా ఇంట్లో పెద్దపొయ్యి చల్లారింది. మా అత్త దాని ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చుని, ఒకే గిన్నెడు నువ్వులు రోజూ చెరుగుతూ ఉండేది. ఆమె తిట్టకపోతే ఇల్లు ఇంత భయంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

దేవేంద్ర మాత్రం బండి మీద పడ్డాడు. "దుమ్ము ఎదరనుండే వస్తాది. గాలి ఎదరనుండే కదేటి కొడతాది?" అని వాదన. క్యాబిన్ వెనక బరకానికీ ఇనుముకీ మధ్య ఉన్న సందులన్నిటిలో స్పాంజి కుక్కాడు. పాత సైకిల్ ట్యూబులు కోసి మేకులు కొట్టాడు. జిగురు పూశాడు. ఇంటి నిండా ఆ జిగురు కంపు, అన్నంలో కూడా అదే వాసన. బుట్టకు తెల్లగుడ్డ కట్టి లోపల పెట్టి అలా రోడ్డు మీదకు పోయి వచ్చేవాడు. తెల్లగా వెళ్లిన గుడ్డ ఎర్రగా తిరిగొచ్చేది. చిత్రం ఏమిటంటే, అతను సందులు మూసేకొద్దీ గుడ్డ ఇంకా ఎర్రబడేది.

పైగా నీళ్లు. ఒక సాయంత్రం గాలివాన కొడితే గూడు మీద బరకం నడుమ కుంగి కుంటలా నీళ్లు నిలిచాయి. కుట్లలోంచి ఒక్కో చుక్కా కారి, లోపలున్న దుమ్ములో కలిసి, గోడల వెంట ఎర్రటి గంజిలా జారింది. తడిసిన స్పాంజి కుళ్లి, చచ్చిన ఎలక వాసన. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటయ్యా ఇది? బండేటి, పందుల దొడ్డేటి?" అన్నాను. అతను నా వైపు చూడకుండా ఇంకో ట్యూబు కోస్తున్నాడు. ఊళ్లో పనిలేనివాళ్లంతా వచ్చి సలహాలు ఇచ్చారు. ఒకడు దిష్టి అన్నాడు, ఒకడు బండికి ఉత్తరం మొహం చేసి కొబ్బరికాయ కొట్టలేదు కదా అన్నాడు. ఒకాయన మా టీ తాగి, బీడీ కాల్చి, ఆ బీడీ ముక్క బండిలోనే పారేసి వెళ్లాడు. చెప్పుతో కొట్టాలనిపించింది.

అలాంటి రోజుల్లో రాజకుమారి వచ్చింది. మా వెనక వీధి మనిషి, మా అత్తను పిన్నీ అంటుంది, వరసేమీ లేదు, చిన్నప్పట్నుంచీ పిలుపు. కూతురు సుహాసినికి పెళ్లయి, సాలూరు దాటాక ఓ పెద్ద ఊరికి కాపురానికి పంపాలి.

"పిన్నీ, సారె నువ్వే వండాల" అంది.

"ఆల్లూ ఈల్లూ అంటన్న మాట నువ్విన్నేదేటే?" అంది మా అత్త, చేటలోంచి తల ఎత్తకుండా.

"ఇన్నాను. మాయింట్లో కూడా అంటన్నారు. మా ఆయనైతే మిఠాయి కొట్లో సెప్పేద్దామన్నాడు. నా పెల్లికి సారె నువ్వే వండినావు కదా, నా కూతురికి ఇంకెవురు వండుతారు? కానీ పిన్నీ..." అని ఆగి, "ఇసక తగిలితే మాత్రం నానింక తలెత్తుకోనేను" అంది.

మా అత్త చేట కింద పెట్టింది. "ఇసక తగిలితే నానింక పొయ్యి ఎలిగించను. ఎన్ని గడపల ఊరు?" అంది.

ఆ మాట ఉత్తుత్తి మాట కాదని నాకు తెలుసు. ఈసారి కూడా మట్టి పడిందా, ఆమె బతికున్నన్నాళ్లూ ఆ పొయ్యి ఎదురుగా నువ్వులు చెరుగుతూనే ఉంటుంది. 

రాజకుమారి అటు వెళ్లిందో లేదో, మా అత్త కొడుకును పిలిచింది. "ఒరే, బండి తియ్యి. ఏ కన్నంలోంచి వస్తాదో నానే లోపల కూకుని సూస్తాను."

"అమ్మా, లోపల ఊపిరాడదే" అన్నాడతను.

"నా అరిసెలకి ఆడినప్పుడు నాకాడదేటి? తియ్యి. ఒసే పద్మా, నువ్వూ రా."

నా మొహం, నేనెందుకు? కానీ కాదంటే వింటుందా? కొత్తచీర కట్టుకున్న పాపానికి దాన్నే నడుముకు దోపుకుని ఎక్కాను. వెనక తలుపు వేసి పరదా దించాడు. లోపల చీకటి, డీజిలు వాసన, ఏనాటివో కుళ్లిన ఉల్లిపాయల వాసన, ఆ స్పాంజి కంపు. బండి కదిలి, తవ్విపడేసిన రోడ్డు ఎక్కి, వేగం అందుకుంది. అప్పుడు చూశాను. వెనక పరదా బయటకు ఎగరాల్సింది పోయి, లోపలికి పీల్చుకుని తలుపుకు అతుక్కుపోయింది. తలుపు కింద సందులోంచి ఎర్రటి దుమ్ము సుళ్లు తిరుగుతూ లేచి, మా మీదకు, ముందుకు వస్తోంది. ముందు నుంచి ఒక్క నలుసు లేదు. అంతా వెనక నుంచే.

"ఎనకనుండే! ఓలమ్మో, ఎనకనుండేనే!" అని అరిచింది మా అత్త. అరిచిన నోట్లోకి దుమ్ము పోయి దగ్గు పట్టుకుంది. క్యాబిన్ రేకు మీద గుద్దాం ఇద్దరం. అతను పాటలు పెట్టుకున్నాడు, వినిపిస్తే కదా! ఆమె దగ్గి దగ్గి కళ్లు తేలేస్తోంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. తాళ్లు కోయడానికి పెట్టుకున్న కొడవలి మూల పడి ఉంటే మా అత్త అది అందుకుని, "సావమంటాడేటి ఎదవ!" అంటూ క్యాబిన్‌కు పైనున్న బరకాన్ని, అతను అన్నాళ్లు కష్టపడి మూసిన ట్యూబుల్నీ స్పాంజినీ కలిపి అడ్డంగా ఒక్క కోత కోసింది. ఊపిరి కోసం చేసిన పనే గానీ తెలివి కోసం చేసింది కాదు.

గాలి రివ్వున లోపలికి వచ్చింది. వెనక పరదా తలుపును వదిలేసి బయటకు ఉబ్బింది. లోపలున్న దుమ్ము కూడా ఆ గాలితో పాటే వెనక నుంచి బయటకు పోవడం మొదలుపెట్టింది. కొత్త దుమ్ము రాలేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె కనుబొమ్మలు కూడా ఎర్రగా ఉన్నాయి.

ఇంటి ముందు బండి ఆగగానే కొడుకును పట్టుకుంది. "నోరూ ముక్కూ మూసేస్తే ఎవుడైనా ఏటి సేస్తాడురా? ఏ కన్నం దొరికితే ఆ కన్నంలోంచి పీలస్తాడు. నీ బండికి నువ్వు ఎదర ఊపిరాడకుండా సేసినావు. అది ఎనకనుండి రోడ్డంతా పీల్సి నా అరిసెల మీద కక్కినాది. నీ తెలివి తగలెయ్య!"

అతను వెళ్లి బండి వెనక కూర్చుని ఆ తలుపు సందు చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు స్పాంజంతా పీకి పారేశాడు. కోసిన చోట సరిగ్గా కిటికీలా చేసి, వాన పడకుండా దాని మీద రేకు వంచి చూరులా దించాడు. మా అత్త, మా మామగారి పాత పొందూరు పంచె తీసి, దుమ్ము వడగట్టేలా రెండు మడతలు వేసి ఆ కిటికీకి కుట్టింది. గూడు నడుమ పొడుగునా వెదురు కట్టి పూరింటి కప్పులా వాలు తెచ్చారు, నీళ్లు నిలవకుండా. వెనక తలుపు సందుకు మాత్రం రబ్బరు కొట్టాడు. అప్పుడు తెల్లగుడ్డ కట్టి రోడ్డు మీదకు పోయి వస్తే గుడ్డ తెల్లగానే తిరిగొచ్చింది. మా అత్త దాన్ని వాసన చూసి, మొహానికి అద్దుకుని, పక్కకు తిరిగిపోయింది.

సారె రోజు వచ్చింది. పెద్దపొయ్యి మళ్లీ వెలిగింది. ఎవరినీ పొయ్యి దగ్గరకు రానివ్వలేదు, నన్ను తప్ప. నా జల్లెడ మీద ఆమెకు నమ్మకం కుదిరిందని అప్పుడు అర్థమైంది, నోటితో చెప్పలేదు. అరిసెలూ జంతికలూ బుట్టల్లో సర్ది, గుడ్డలు కట్టి, రాజకుమారిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, మేమిద్దరం బుట్టల మధ్య ఎక్కాం. బొబ్బిలి దగ్గర వేసవి జల్లు టపటపా కొట్టింది. ఒక్క చుక్క లోపల పడలేదు. సాలూరు దాటాక ముందు ఇసుక లారీ ఒకటి, దారి ఇవ్వకుండా దుమ్ము కక్కుకుంటూ పోయింది. మా అత్త ఒక బుట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. అప్పుడప్పుడు చెయ్యి తీసి చూసుకునేది. చెయ్యి శుభ్రంగానే ఉంది.

ఊరి మొగలో, ఇళ్లు మొదలయ్యే చోట, బండి ఆగింది. పరదా కొంచెం పక్కకు తీసి చూశాను. చూసి, మళ్లీ మూసేశాను.

అక్కడ డీజే బండి. నీళ్ల పైపులకు వీధి వీధంతా తవ్వి మట్టి కుప్పలు పోసి వదిలేశారు. ఆ మట్టిలో కుర్రకారు గంతులు. ఒకడు తళుకు కాయితాలు చిమ్మే మిషను పట్టుకున్నాడు, ఇంకొకడు నురగ కొట్టే డబ్బా. ఆ నురగ మొహాల మీదా మట్టి మీదా పడి బురదవుతోంది. పైన డ్రోను. పెళ్లికొడుకు తల్లి లక్ష్మణమ్మ పట్టుచీరలో ముందు నిలబడింది. ఊళ్లోకి వచ్చేటప్పుడు బుట్టల గుడ్డలు విప్పి, నెత్తిన పెట్టుకుని, అందరూ చూసేలా ఊరేగించడం రివాజు. కావిళ్ల కాలంలో డప్పుల మోత మాత్రమే ఉండేది. ఇప్పుడు ఆ తెరిచిన బుట్టలను ఈ నురగలో, ఈ మట్టిలో, ఈ కాయితాల్లో తిప్పాలట! నాకు ఒళ్లంతా కంపరమెత్తింది.

"ఏటొదినా, బరకం ఇప్పరేటి? సారె సూడాలని ఊరంతా నిలబడిపోనాది" అంది లక్ష్మణమ్మ.

రాజకుమారి వెనక్కి వచ్చి పరదా ఎత్తింది. "పిన్నీ, దిగు. బుట్టలు అందియ్యి."

"ఆ డీజే ఆపమను. ఆ మిషను ఆపమను. ఈదిలో నీల్లు సల్లమను. అప్పుడు ఇస్తాను" అంది మా అత్త.

"ఆల్లు మొగపెల్లోరు పిన్నీ, ఆపమని నానెలగ అంటాను?"

"అలగైతే బండి గుమ్మం దాకా ఎల్తాది. గుమ్మం దాటేదాకా ఈ బుట్టలు నావి. నీవి కావు, ఆల్లవీ కావు."

గుంపులోంచి ఎవరో, "మూసి పట్టికెల్లడానికి ఇది సారేటి, శవమేటి?" అన్నారు. నవ్వులు. వాళ్ల నవ్వులు మండ! రాజకుమారి మొహం నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుని, "నా పరువు తీస్తన్నావు పిన్నీ. ఊరంతా కాదన్నా నిన్ను నమ్మినాను. కాలీ బుట్టలు తెచ్చిందంటారు నన్ను" అంది.

మా అత్త బుట్ట అంచు పట్టుకునే ఉంది.  ఆమె పరువు నిలవాలంటే నమ్మిన మనిషి పరువు పోవాలి. తిట్టడానికి కూడా ఎవరూ లేరు. ఇంకో నిమిషం అయితే ఆమె బుట్ట వదిలేసేది, నాకు తెలుసు.

అంతలో, మాకన్నా ముందే కారులో వచ్చేసిన కొత్త పెళ్లికూతురు సుహాసిని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. జడ నిండా నురగ. ఆ నురగ చేత్తో తుడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, మా బండి వెనక తలుపు మీద కాలు పెట్టి ఎక్కేసింది.

"ఏటే గుంటా, దిగు!" అంది రాజకుమారి.

"అమ్మా, నువ్వు సాయంత్రానికి ఇంటికెల్లిపోతావు. రేపట్నుండి ఈ ఊల్లో ఉండాల్సింది నాను. ఇసక కోడలని పిలిపించుకోమంటావేటి?" అని, అత్తగారి వైపు తిరిగి, "అత్తా, ప్రతి గుమ్మానికీ నానే పంచుతాను. నా సేత్తో" అంది. లక్ష్మణమ్మ నోరు తెరిచింది. కోడలు పరదా దించేసింది.

దేవేంద్ర బండిని నడక కన్నా మెల్లగా పోనిచ్చాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగడం, పరదా జానెడు ఎత్తడం, సుహాసిని చెయ్యి బయటకు చాపడం. నేను అందిస్తుంటే మా అత్త గుడ్డ విప్పడం, కప్పడం. డీజే బండి ఊరి మొగలోనే తనకు తనే మోగుతూ ఉండిపోయింది. తీసుకున్న ఆడవాళ్లు పళ్లెంలోకి చూసి, బండి వైపు చూసి, మూతులు తిప్పుకున్నారు. ఒక్క మంచి మాట అన్నవాళ్లు లేరు. తిరుగు ప్రయాణంలో రాజకుమారి మా బండి ఎక్కలేదు. బస్సులో వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె మా వీధిలో కనిపిస్తే మొహం తిప్పుకునేది. మా అత్త ఎవరినీ ఏమీ అడగలేదు. ఫోను మోగితే మాత్రం చేతిలో పని ఆపి నా మొహం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అన్నం సగం తిని లేచిపోయేది. ఈ మాత్రానికి ఈ ఊళ్లకి ఎందుకు వండాలి అని నాకు విరక్తి పుట్టింది.

చివరికి ఒక పొద్దున రాజకుమారి తనే వచ్చింది. గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని అందుకుంది.

"ఇప్పుడు సల్లగున్నాదా పిన్నీ నీకు? సారె దొంగసరుకులాగ మూసి తెచ్చిందన్నారు. అరిసెలు సిన్నవన్నారు. నెయ్యి తగ్గిందన్నారు. నువ్వులు ఎక్కువైపోనాయన్నారు. మూడోనాటికి గట్టిపడిపోనాయట! జంతికల్లో వాము నేదట! మావాల్లకి ఇంకో నాలుగు ఎక్కువొస్తే ఏటి పోనాదని లక్ష్మణమ్మ సాటుగా అన్నాదట! పిల్లలు అరిసెల కోసం దెబ్బలాడుకున్నారట, పంచడం సేతగాకపోతే సారెందుకన్నారట! సుహాసిని ఫోన్లో అన్నీ సెప్పినాది. నానేటి తలెత్తుకుంటాను?"

నాకు నెత్తికెక్కింది. "ఛీ, ఏం మనుషులమ్మా!" అని నేను అందుకోబోతుంటే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇసకన్నారేటి?" అని అడిగింది. 

రాజకుమారి నడుం మీంచి చేతులు తీసింది. "అననేదు."

"ఒక్కరూ?"

"అననేదంటే అననేదు పిన్నీ. ఇన్ని మాటలన్నోల్లు అదుంటే ఒగ్గేస్తారేటి?" అంది కోపంగానే.

మా అత్త అక్కడే గడపలో కూలబడింది. "మూడోనాటికి గట్టిపడ్డాయన్నారంటే..." అని ఆగింది. కళ్లనీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "మూడోనాడు కూడా తిన్నారే రాజకుమారీ. ఈసారి కుడితిలో ఎయ్యనేదు, తిన్నారు."